అమెరికా పోయి కూడా ఆడపిల్లల కాలేజేనా?

మౌంట్ హోలియోక్ కాలేజీలో సీటొచ్చిందని చెప్పగానే మా మేనత్త అన్న మాట ఇది. పక్కనున్న మామయ్య ఇంకొకటి అడిగాడు: "ర్యాంకెంత?" హన్మకొండలో ఇంటర్ ఎంపీసీ చదివిన పిల్ల బీటెక్ వదిలేసి, మసాచుసెట్స్‌లో సౌత్ హాడ్లీ అనే చిన్న ఊరికి, అందరినీ కలిపినా 2,200 మంది ఉండే కాలేజీకి పోవడమేమిటని వాళ్ళ బాధ. నేను 2015లో వెళ్ళి 2019లో డిగ్రీ పూర్తి చేశాను. ఇప్పుడు తెలిసినవాళ్ళ పిల్లల కోసం అవే ప్రశ్నలు నన్నడుగుతుంటారు. ఫోన్లో ఐదు నిమిషాల్లో తేలేది కాదు కాబట్టి రాస్తున్నాను.

ముందు ఆ కాలేజీ సంగతి. హార్వర్డ్, యేల్ లాంటివి ఆడవాళ్ళను గడప తొక్కనివ్వని కాలంలో, 1837లో, మేరీ లియాన్ అనే టీచరు ఊరూరా తిరిగి చందాలు పోగుచేసి పెట్టిన సెమినరీ (ఆడపిల్లల పైచదువుల బడి) ఇది. తర్వాత ఇలాంటివే మరికొన్ని వచ్చాయి. అలాంటి ఏడింటిని కలిపి 'సెవెన్ సిస్టర్స్' అంటారు. వాటిలో వాసర్ 1969లో అబ్బాయిలను చేర్చుకుంది, ర్యాడ్‌క్లిఫ్ 1999లో హార్వర్డ్‌లో కలిసిపోయింది. మిగిలిన ఐదూ ఇప్పటికీ మహిళా కాలేజీలే. కవయిత్రి ఎమిలీ డికిన్సన్ మా కాలేజీలో ఒక ఏడాది చదివింది. అమెరికా క్యాబినెట్‌లో తొలి మహిళా మంత్రి ఫ్రాన్సెస్ పెర్కిన్స్ 1902లో ఇక్కడే పట్టా పుచ్చుకుంది. వీళ్ళెవరి పేరు చెప్పినా మా ఇంట్లో చలనం లేదు. పుట్టిన నిమిషానికి బిడ్డ స్థితి చూసి ఇచ్చే ఆప్గార్ స్కోర్‌ను కనిపెట్టిన వర్జీనియా ఆప్గార్ కూడా 1929 బ్యాచ్ అని చెప్పాక మాత్రం, ప్రసూతి వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేసే మా పిన్ని కుర్చీలో నిటారుగా కూర్చుంది. "రోజూ కేస్ షీట్లో రాసేది ఆమె పేరా?" అని అడిగింది. ఆ రోజు నుంచి నా తరఫు వకీలు పిన్నే.

దరఖాస్తు దగ్గర పెట్టిన తిప్పలు చెప్పుకోవాల్సిందే. మా దగ్గర కన్సల్టెన్సీలన్నిటికీ ఎమ్మెస్ దారి కళ్ళు మూసుకున్నా తెలుసు. డిగ్రీకి అంటే మాత్రం "ఎందుకమ్మా, బీటెక్ చేసి వెళ్ళు" అంటారు. కామన్ యాప్ అనే వెబ్‌సైట్లో అప్లై చేయాలి. అందులో స్కూల్ కౌన్సిలర్ లెటర్ రాయాలి, ఇద్దరు టీచర్లు రికమెండేషన్లు రాయాలి, తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా మార్కులు స్కూలే అప్‌లోడ్ చేయాలి. నేను చదివిన కార్పొరేట్ జూనియర్ కాలేజీలో కౌన్సిలర్ అన్న మాటకు అర్థం అడ్మిషన్లు పట్టుకొచ్చే పీఆర్వో. లెక్చరర్లకు నా పేరుకంటే నా హాల్ టికెట్ నంబర్ బాగా తెలుసు. "ఈ అమ్మాయి క్లాసులో ఎలాంటి ప్రశ్నలు అడుగుతుంది?" అని ఫారంలో ఉంటే మా ఫిజిక్స్ సార్ తల గోక్కున్నారు. ప్రశ్నలు అడగడానికి మాకు టైమెక్కడిది? పొద్దున ఆరింటికి స్టడీ అవర్, వారానికో టెస్టు, ఆదివారం గ్రాండ్ టెస్టు. చివరికి ఆయన, రాత్రి స్టడీ అవర్లో నేను పక్కపిల్లలకు లెక్కలు చెప్పడం చూశానని నిజాయితీగా నాలుగు వాక్యాలు రాశారు. నా దరఖాస్తులో అన్నిటికంటే బలమైన కాగితం అదే అయ్యుంటుందని నా నమ్మకం.

ఇంకో చిక్కు రాష్ట్ర విభజన. పదో తరగతి మెమో, ఇంటర్ ఫస్టియర్ మెమో ఆంధ్రప్రదేశ్ బోర్డువి. సెకండియర్‌కొచ్చేసరికి కాలేజీ లెటర్‌హెడ్ మీద తెలంగాణ. నేను ఊరు మారలేదనీ, రాష్ట్రమే మారిందనీ 'అదనపు సమాచారం' అనే గడిలో రాయాల్సి వచ్చింది. అక్కడి కాలేజీల్లో చేరడానికి రాసే ఎస్ఏటీ పరీక్ష మాత్రం రాయలేదు. 2001 నుంచే ఆ కాలేజీ దాన్ని తప్పనిసరి కాదంది. ఇంగ్లిషు పరీక్ష టోఫెల్ రాశాను.

డబ్బు విషయం దాచడం నాకిష్టం లేదు, ఎందుకంటే అసలు ప్రశ్న అదే. అప్పట్లో ఫీజు, హాస్టల్, తిండి కలిపి ఏడాదికి 55,000 డాలర్లు దాటేది. ప్రభుత్వ బడిలో సోషల్ చెప్పే మా నాన్న జీతంతో అది కలలో మాట. ఇలాంటి కాలేజీలు కుటుంబ ఆదాయం చూసి ఎంత కట్టగలరో లెక్కేసి, మిగతాది సాయంగా ఇస్తాయి. అయితే విదేశీ విద్యార్థుల విషయంలో సాయం ఎంత అడుగుతున్నావన్నది కూడా సీటు నిర్ణయించేటప్పుడు చూస్తారు. అంటే, అడిగితే సీటు రాకపోవచ్చు, సీటొస్తే మాత్రం లెక్క ప్రకారం సాయం అందుతుంది. నాన్న ఫారం-16, పీఎఫ్ లెక్క, ఇంటి పన్ను రసీదు, అమ్మమ్మ మందుల ఖర్చు దాకా సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఆర్థిక సాయం ఫారంలో నింపాం. మార్చి చివర్లో ఫలితం వచ్చింది. ఎంసెట్ అయినా రాయాల్సిందేనని నాన్న పట్టుబట్టాడు, రాశాను. అప్పట్లో అమెరికా కాన్సులేట్ ఉన్న బేగంపేట పైగా ప్యాలెస్‌లో వీసా ఇంటర్వ్యూ రెండు నిమిషాల్లో అయిపోయింది.

అక్కడ చేరేటప్పుడు బ్రాంచి అంటూ ఉండదు. డిగ్రీకి 128 క్రెడిట్లు కావాలి, సాధారణంగా కోర్సుకు నాలుగు. హ్యుమానిటీస్, సైన్సు-గణితం, సోషల్ సైన్స్ మూడిట్లోనూ ఒక్కో కోర్సైనా చేయాలి. ఒక పరభాష నేర్చుకోవాలి, పీఈ (వ్యాయామం) క్లాసులు కూడా ఉంటాయి (పీఈ కింద యోగా తీసుకున్నానంటే ఇంట్లో అందరూ నవ్వారు). మేజర్, అంటే ప్రధాన సబ్జెక్టు, ఏమిటో రెండో ఏడాది చివర్లో చెబితే చాలు. చేరిన వారంలో నాకు కేటాయించిన అడ్వైజర్ మేడమ్, కోర్సుల జాబితా ముందుపెట్టి "ఇందులో ఏది చూస్తే ఆకలేస్తోంది?" అన్నారు. సబ్జెక్టును చూసి ఆకలేయడం నాకు కొత్త. కంప్యూటర్ సైన్స్ ఒకటి, క్యాల్కులస్ ఒకటి అని టకటకా చెప్పేశాను. మూడోది నాన్న సబ్జెక్టు కదాని జాగ్రఫీ రాశాను. నాలుగోది ఫస్టియర్ సెమినార్, అది అందరికీ తప్పనిసరి. నాకు దొరికింది నీళ్ళ గురించిన సెమినార్. నాలుగేళ్ళ చదువును తిప్పింది అదే.

ఒక పొడవాటి బల్ల, చుట్టూ పదిహేను పదహారు మంది, ఒక ప్రొఫెసర్. లెక్చర్ లేదు. ముందు రోజు చదివి రమ్మన్నదాని గురించి మాట్లాడాలి, అంతే. ఇంటర్లో వెనక బెంచీలో తలొంచుకుని కూర్చుంటే ఏడాది గడిచిపోతుంది. ఇక్కడ దాక్కోవడానికి వెనక బెంచీయే లేదు. మాట్లాడకపోతే మార్కులు తగ్గుతాయని సిలబస్ కాగితంలోనే రాసుంటుంది. మిగతా అమ్మాయిలు ఆలోచిస్తూనే మాట్లాడేవాళ్ళు, సగంలో ఆపి "కాదు, అలా కాదేమో" అని మార్చుకునేవాళ్ళు. నేనేమో వాక్యం మొత్తం మనసులో ఇంగ్లిషులో కూర్చుకుని చెయ్యెత్తేసరికి చర్చ రెండు మలుపులు దాటిపోయేది. ప్రొఫెసర్ అది కనిపెట్టి, విద్యార్థులతో విడిగా మాట్లాడే ఆఫీస్ అవర్స్‌కు పిలిచారు. ఒక చిన్న ఉపాయం చెప్పారు: చర్చ మొదలైన మొదటి ఐదు నిమిషాల్లోనే మాట్లాడెయ్, అప్పటికి ఇంకా మలుపులేవీ రావు. చాలా మామూలు సలహా, కానీ పనిచేసింది.

ఆ సెమినార్లో క్వాబిన్ రిజర్వాయర్ గురించి చదివాం. అది కాలేజీకి దగ్గర్లోనే ఉంటుంది. బాస్టన్ తాగునీటి కోసం స్విఫ్ట్ నది లోయలోని డానా, ఎన్‌ఫీల్డ్, గ్రీనిచ్, ప్రెస్కాట్ అనే నాలుగు ఊళ్ళను ఖాళీ చేయించారు. 1938 ఏప్రిల్ 28న ఆ ఊళ్ళు చట్టప్రకారం లేకుండా పోయాయి. ముందు రోజు రాత్రి ఎన్‌ఫీల్డ్ టౌన్ హాల్లో వీడ్కోలు డాన్స్ పెట్టుకున్నారట. దాదాపు 2,500 మంది వెళ్ళిపోయారు, 7,500కు పైగా సమాధులను తవ్వి వేరేచోటికి మార్చారు. డానా ఊరి నడిబొడ్డు మాత్రం నీళ్ళకు ఎగువన మిగిలింది. అక్కడికి తీసుకెళ్ళి చూపించారు. ఇళ్ళు లేవు, గడ్డిలో పునాదుల గుంతలు వరసగా ఉన్నాయి.

అక్కడ నిలబడ్డప్పుడు నాకు అమ్మమ్మ ఊరు గుర్తుకురాక తప్పుతుందా? కొల్లాపూర్ వైపు కృష్ణ ఒడ్డున ఉండేది, శ్రీశైలం ప్రాజెక్టు కింద 1981లో పోయింది. వందకు పైగా ఊళ్ళు అలా పోయాయి. చిన్నప్పుడు ఆ కథ విని విని విసుగొచ్చి లేచిపోయేవాళ్ళం. ప్రొఫెసర్‌తో ఈ సంగతి అంటే "మరి దాని మీదే రాయొచ్చుగా" అన్నారు. అమ్మమ్మ మాటల్ని ఆధారంగా చూపించొచ్చా అని అడిగాను. చూపించొచ్చు, కానీ అందరు సాక్షుల్లాగే ఆమెనూ ప్రశ్నించాలి అన్నారు. తేదీలు అడుగు, ఎవరు చెప్పారో అడుగు, ఆమె కళ్ళతో చూసిందేదో, తర్వాత విన్నదేదో విడదియ్యి.

వాట్సాప్ కాల్లో అమ్మమ్మను ఇంటర్వ్యూ చేయడం అనుకున్నంత సులువు కాదు. "నీళ్ళు రాకముందే బుల్డోజర్లు తెచ్చి ఇండ్లు కూలగొట్టిండ్రు" అనేది. నువ్వు చూశావా అమ్మమ్మా అంటే, "చూసుడేంది, మా దూలాలు మేమే మోసుకపోతిమి" అని కోప్పడేది. అందరికీ డబ్బులిచ్చారా అంటే ఒక్క క్షణం ఆగి, "పట్టా ఉన్నోళ్ళకు ఇచ్చిండ్రు. మనింట్ల పనిచేసేటోళ్ళకు ఏమొచ్చిందో నేనడగలే" అంది.

నేను మొదట రాసిన డ్రాఫ్టు మన ఇంటర్ పద్ధతిలో సాగింది. ఉపోద్ఘాతం, ఆనకట్టల లాభాలు, నష్టాలు, ముగింపు. పక్కన ప్రొఫెసర్ పెన్సిల్‌తో రాసింది ఒకే ప్రశ్న: "వాదన ఏది?" కాలేజీలో 'సా' అని ఒక ప్రోగ్రాం ఉంది, మాట్లాడటం, వాదించడం, రాయడం నేర్పడానికి. పై తరగతి విద్యార్థులే మెంటర్లు. వియత్నాం నుంచి వచ్చిన ఒక సీనియర్ అక్క నా డ్రాఫ్టు చదివి, రాసిచ్చేస్తుందేమోనని నేనాశపడితే, కాగితం బోర్లా పెట్టి "చూడకుండా చెప్పు, నువ్వు నమ్మేదేమిటి?" అంది. అమెరికావాళ్ళు పద్ధతిగా చేశారు, మనవాళ్ళు చేయలేదు అన్నాను. తర్వాతి డ్రాఫ్టులో అదే వాదన పెట్టాను. ప్రొఫెసర్ దానికీ ఒప్పుకోలేదు. ఎన్‌ఫీల్డ్‌లో ఇల్లున్నవాళ్ళ గురించే రాశావు, అద్దెకున్నవాళ్ళు, మిల్లుల్లో కూలి చేసేవాళ్ళు ఎక్కడ అన్నారు. అప్పుడు అమ్మమ్మ చెప్పిన చివరి మాట వెలిగింది. రెండుచోట్లా ప్రభుత్వం లెక్క మొదలుపెట్టింది కాగితం ఉన్నవాళ్ళతోనే. నా పేపర్ అలా తయారైంది. వచ్చిన గ్రేడ్ బీ ప్లస్. తొమ్మిది వందల డెబ్బై మార్కుల అమ్మాయికి అది ఎలా అనిపించి ఉంటుందో ఊహించుకోండి. అయినా ఆ కాగితాలు ఇంకా నా దగ్గరున్నాయి, 'ఏ' గ్రేడ్ వచ్చినవి మాత్రం దాచుకోలేదు.

లెక్కల విషయంలోనూ ఇలాంటిదే ఎదురైంది. ఇంటిగ్రేషన్లు మనకు నోటికే వస్తాయి, క్యాల్కులస్ క్లాసులో నేను హీరోయిన్‌ని. తర్వాతి ఏడాది డిస్క్రీట్ మ్యాథ్స్‌లో రుజువులు రాయాల్సి వచ్చేసరికి ఆ వెలుగు తగ్గింది. సమాధానం కరెక్టే, అది ఎందుకు కరెక్టో రాయమంటారు. షార్ట్‌కట్‌లు ఉండవు.

ఇక పరీక్షలు. ఈ భాగం చెబితే మనవాళ్ళు నమ్మరు. సెమిస్టర్ చివర ఫైనల్స్‌లో చాలావాటికి టైంటేబుల్ ఉండదు. పరీక్షల రోజుల్లో పొద్దున, మధ్యాహ్నం, రాత్రి సెషన్లుంటాయి. ఏ సబ్జెక్టు ఏ రోజు ఏ పూట రాయాలో నువ్వే ఎంచుకోవాలి. సెంటర్‌కు వెళ్తే నీ పేరున్న కవరు చేతికిస్తారు. దాన్ని పట్టుకుని ఏదో ఖాళీ క్లాస్‌రూంలో కూర్చుని రాసి, టైముకు తిరిగిచ్చేయాలి. ఇన్విజిలేటర్ లేడు. గదిలో పక్కమ్మాయి ఎకనామిక్స్ రాస్తుంటే నేను జావా ప్రోగ్రాం రాస్తున్నాను. నా చుట్టూ చూసేవాళ్ళే లేరన్న సంగతి ఒంటికి అలవాటు కావడానికి టైం పట్టింది. ఎంట్రన్స్ పరీక్షల్లో చెవి కమ్మలు, వాచీలు తీయించి, జుట్టు క్లిప్పు కూడా తడిమి పంపిన ఊరి నుంచి వచ్చినదాన్ని. ఇదంతా నడిచేది ఆనర్ కోడ్ మీద, అంటే నిజాయితీగా ఉంటామని ఇచ్చిన మాట మీద. మొదటి వారంలోనే దాని మీద సంతకం చేస్తాం. పరీక్ష రాసి బయటికొచ్చాక "పేపర్ ఈజీయా?" అని అడగడం కూడా నిషేధం, ఎందుకంటే ఇంకా రాయనివాళ్ళు ఉంటారు. పేపర్ రాగానే గేటు దగ్గర గుంపుగా నిలబడి కీ సరిచూసుకునే మనకు ఇదే అన్నిటికంటే కష్టమైన రూలు. ఎవరూ కాపీ కొట్టరా అని నాన్న అడిగాడు. కొట్టేవాళ్ళు ఎక్కడో ఉంటారేమో, నాకు తెలిసినంతలో ఎవరూ ఆ మాటే ఎత్తలేదు. చదువు భారం తగ్గదు గానీ టెన్షన్ సగం తగ్గుతుంది. రెండు కష్టమైన పేపర్ల మధ్య రెండు రోజులు గ్యాప్ పెట్టుకుని చదివిన సుఖం అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

సరదాలు ఉన్నాయి. ఆకురాలు కాలంలో ఒక రోజు పొద్దున్నే ఏడింటికి గంటలు మోగుతాయి, అంటే ఆ రోజు క్లాసుల్లేవు, అందరూ మౌంట్ హోలియోక్ కొండెక్కాలి. 'మౌంటెన్ డే' ఏ రోజో ముందుగా చెప్పరు. రాత్రిళ్ళు హాస్టల్లో పాలు, కుకీలు పెడతారు. డైనింగ్ హాల్లో పనిచేసి నెల ఖర్చులు రాబట్టుకునేదాన్ని. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి చేయకూడదు. చలి గురించి అందరూ రాసేశారు.

మేనత్త ప్రశ్నకు ఇప్పుడైతే జవాబుంది. నా ఇంటర్ హాస్టల్ కూడా ఆడపిల్లలదే. అక్కడ ఆరింటికి గేటుకు తాళం, ఫోన్ వార్డెన్ దగ్గర. ఇక్కడ గేటే లేదు. స్టూడెంట్ యూనియన్ ప్రెసిడెంటు, రోబోటిక్స్ క్లబ్ లీడరు, క్లాసులో అందరికంటే గట్టిగా వాదించే మనిషి, అందరూ అమ్మాయిలే కాబట్టి ఇది మగవాళ్ళ పని అనే ఆలోచన గుర్తుకురాదు. (2014 నుంచి ట్రాన్స్ విద్యార్థులనూ చేర్చుకుంటున్నారు, నా సెమినార్ బల్ల దగ్గర కూడా ఉన్నారు.) పైగా బయటి లోకం తెలియకుండా పోతుందనే భయం అక్కర్లేదు. స్మిత్, ఆమ్హర్స్ట్, హ్యాంప్‌షైర్, యూమాస్ (మసాచుసెట్స్ యూనివర్సిటీ)లతో కలిపి ఐదు కాలేజీల ఒప్పందం ఉంది. అదనపు ఫీజు లేకుండా ఎక్కడి కోర్సైనా తీసుకోవచ్చు, బస్సు ఫ్రీ. చిన్న కాలేజీలో అన్ని కోర్సులూ ప్రతి సెమిస్టర్ ఉండవు కాబట్టి ఈ బస్సు చాలా అవసరం. నేను యూమాస్‌లో ఒక కోర్సు చేశాను. పెద్ద హాలు, ముందు వరసల్లో ఎక్కువగా అబ్బాయిలు. మొదటి వారమే చెయ్యెత్తి ప్రశ్న అడిగాను. బల్ల చుట్టూ పట్టిన అలవాటు అక్కడికీ వచ్చింది.

అందరికీ పడుతుందా అంటే పడదు. ఏం చదవాలో ఎవరో ఒకరు చెబితే బాగుంటుందనుకునేవాళ్ళకు మొదటి ఏడాది నరకంగా ఉంటుంది. ఊరు చిన్నది, రాత్రి తొమ్మిదికి బిర్యానీ దొరకదు. కంపెనీలు మన దగ్గరలా బస్సు దిగి క్యాంపస్‌లోకి రావు, నువ్వే వెతుక్కోవాలి.

రెండో ఏడాది చివర్లో మేజర్ ఫారం నింపాను: కంప్యూటర్ సైన్స్, జాగ్రఫీ, రెండూ. కంప్యూటర్ సైన్స్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) కిందికి వస్తుంది, చదువయ్యాక అక్కడే పనిచేసుకోనిచ్చే ఓపీటీ ఏడాదికి తోడు ఇంకో 24 నెలలు పొడిగింపు ఉంటుందని లెక్క చెబితే ఇంట్లో శాంతించారు. రెండోదాని దగ్గరే గొడవ. "ముప్ఫై ఏళ్ళుగా నేను బడిలో చెప్పేదదే కదా, దానికి అమెరికా దాకా ఎందుకు?" అన్నాడు నాన్న. ఫోన్లో వాదించి లాభం లేదని, జీఐఎస్ (కంప్యూటర్లో మ్యాపులు తయారుచేసే పద్ధతి) క్లాసులో చేసిన మ్యాపు ఒకటి పంపాను. శ్రీశైలం జలాశయం, వేసవిలో నీళ్ళెక్కడిదాకా, వానాకాలంలో ఎక్కడిదాకా, ఉపగ్రహ చిత్రాల మీద వేసింది. రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. మూడో రోజు ఫోన్ చేసి, పేర్లన్నీ తెలుగులో పెట్టి, పెద్ద సైజులో పంపమన్నాడు. పంపాను. తొమ్మిదో తరగతి గోడకు ఫ్లెక్సీ కొట్టించి, ఆ బిల్లు ఫొటో తీసి నాకు వాట్సాప్ చేశాడు.